చిరునామాలు సరిచేసిన మనిషి

ఆ పేటలో ఎవరింట్లో ఎవరు అద్దెకు దిగినా, ఎవరు ఖాళీ చేసినా ఇంటివాళ్ళకంటే ఒక పూట ముందే గడియారానికి తెలిసిపోయేది. గడియారం అంటే గోడకు వేలాడేది కాదు, పోస్ట్‌మ్యాన్. పదీ పదికి రొట్టెల కొట్టు మలుపు, పదిన్నరకు ప్రింటింగ్ ప్రెస్, పదకొండుకు బడి గేటు. ఎండైనా వానైనా అంతే. ఆయన సైకిలు బెల్లు విని పొయ్యి మీద పాలు దించే ఇల్లాళ్ళుండేవారు. అందుకని ఎవరో సరదాకి పెట్టిన పేరు అది. పెట్టినవాడు ఏనాడో పోయాడు, పేరు మాత్రం ఈయనకు అంటుకుపోయింది.

ఉద్యోగమంటే ఆయనకు ప్రాణం. పొద్దున ఏడింటికల్లా సార్టింగు గదిలో గళ్ళ బీరువా ముందు నిలబడి కట్ట విప్పేవాడు. మనం కవరు మీద పేరు చదివేలోపు ఆయన చెయ్యి దాన్ని గడిలో వేసేసేది. ఒకసారి ఒక కవరు మీద 'కుంటి బాబాయికి, పాత బావి పక్క సందు' అని మాత్రమే ఉంటే పోస్టుమాస్టరు నవ్వి పక్కన పడేశాడు. గడియారం దాన్ని తీసి సంచిలో పెట్టుకున్నాడు.

"ఆ సందులో కుంటి బాబాయిలు ముగ్గురున్నారయ్యా, ఎవరికిస్తావ్?"

"ముగ్గురున్నారు గానీ సార్, ఉత్తరమ్ముక్క రాసేపాటి బుద్ధున్న అన్నకొడుకు ఒక్కరికే ఉన్నాడు."

ఉత్తరం చేరాల్సిన చోటికే చేరింది. ఆ కథ చెప్పుకుని ఆయన ఆరునెలలు మురిశాడు.

ఉద్యోగంలో చేరాక పందొమ్మిదేళ్ళ పాటు ఆయన ఒక్క ఉత్తరం మీద కూడా 'విలాసదారు లేరు' అని రాయలేదు. అలా రాయడమంటే 'నాకు తెలియదు' అని చేతులెత్తేయడమే అని ఆయన లెక్క. తెలియదు అనడం ఆయనకు చెప్పుదెబ్బతో సమానం. ఎవరు ఎక్కడికి మారారో రాసుకోవడానికి జేబులో ఒక చిన్న పుస్తకం ఉండేది. అందులో పేర్లు అక్షరక్రమంలో కాకుండా ఆయన నడిచే వరసలో ఉండేవి, అంటే మలుపు తర్వాత మలుపు, గుమ్మం తర్వాత గుమ్మం. వానకు సిరా కారుతుంది కాబట్టి ఎప్పుడూ నీలం పెన్సిలుతోనే రాసేవాడు.

ఆ పేటలో ఇటువాళ్ళూ అటువాళ్ళూ, అంటే రెండు తెగల మనుషులూ, కలిసే ఉండేవారు. కలిసి అంటే, ఇప్పుడు సభల్లో చెబుతున్నట్టు పాలూ నీళ్ళలా ఏమీ కాదు. అద్దె ఇళ్ళవాళ్ళ మధ్య ఉండే మామూలు పొత్తు, కుళాయి దగ్గర మామూలు తగువు. తర్వాత ఒక ఏడాది రేడియోలో ఒక గొంతు మొదలైంది. చాలా తమాషాగా మాట్లాడేవాడు ఆ మనిషి. అటువాళ్ళ నడకనూ, వాళ్ళ పొదుపునూ, వాళ్ళ ఆడవాళ్ళ మాటతీరునూ అనుకరించి చెబుతుంటే, సాయంత్రాలు రొట్టెల కొట్టు ముందు జనం గుమిగూడి కడుపు పట్టుకుని నవ్వేవారు. గడియారమూ నవ్వాడు. ఏడాది తిరిగేసరికి ఆ గొంతు తమాషా మానేసి, ఈ చీడ మనల్ని తినకముందే మనం దాన్ని వదిలించుకోవాలి అనడం మొదలుపెట్టింది. అప్పటికి వినడం అలవాటైపోయింది. కొట్టు ముందు గుంపు తగ్గలేదు.

ముందుగా టైలరమ్మ కిటికీ అద్దాలు పగిలాయి. టైలరమ్మ అంటే పెద్ద వీధిలో రవికెలూ గౌన్లూ కుట్టే ఆవిడ. అటువాళ్ళలో మనిషి. భర్త ఎక్కడో దూరదేశపు ఓడరేవులో పనిచేసేవాడు. నెలకో ఉత్తరం వచ్చేది, ఆ ఉత్తరం కోసం ఆవిడ మిషను మీంచి లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. పెద్దపిల్లను వేరే ఊళ్ళో చెల్లెలింట్లో ఉంచి చదివించుకుంటోంది, చిన్నది ఇంకా కొంగు పట్టుకుని తిరిగే వయసు. అద్దాలు పగిలిన వారానికి ఆవిడ ఇంటికి తాళం పడింది. ఎక్కడికి పోయిందో పేటలో ఎవరికీ అంతుపట్టలేదు.

మూడోరోజు కుళాయి మలుపులో ఆవిడే ఆయన సైకిలుకు అడ్డం వచ్చింది. ముసుగు ముక్కుదాకా లాక్కుని ఉంది.

"అన్నయ్యా, ఒక్క మాట. ఇల్లు మారాం. ప్రెస్సు వెనక మెట్లెక్కితే కాగితాల గది ఉందే, దాని పైన. గది ఇచ్చిన ప్రెస్సాయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీక్కూడా చెప్పకపోతే ఆయన ఉత్తరం ఎటు పోతుందోనని..."

"నాకు చెప్పావుగా, ఇక నీకు బెంగలేదమ్మా" అన్నాడాయన. ఆవిడ చూస్తుండగానే పుస్తకం తీసి నీలం పెన్సిలుతో రాసుకున్నాడు. అప్పట్నుంచీ ఆవిడ ఉత్తరం చివర్లో ఇచ్చేవాడు, ప్రెస్సు ముందు గేటు వైపు వెళ్ళకుండా వెనకనుంచి, బెల్లు కొట్టకుండా. పేటలో ఒక రహస్యం తన దగ్గర ఉందని ఆయనకు లోలోపల గర్వంగా కూడా ఉండేది.

రెండు నెలలు పోయాక ఒక పొద్దున వార్డు గుమాస్తా సార్టింగు గదికి వచ్చాడు. టైపు చేసిన కాగితాలు పదకొండు తెచ్చి పోస్టుమాస్టరు బల్ల మీద పెట్టాడు. పైన 'నివాసాల సర్వే' అని ఉంది. కింద అన్నీ అటువాళ్ళ పేర్లే. పక్కన ఇంటి నంబర్లు.

"ఇవి ఒకసారి చూసిపెట్టాలి సార్. ఎల్లుండికి కావాలి."

పోస్టుమాస్టరు ఆ కాగితాలను ముట్టుకోలేదు. "నాకేం తెలుస్తుంది? పేటంతా ఆ గడియారం అరచేతిలో ఉంటుంది, అతనికివ్వండి" అని తన బల్ల సొరుగులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఆ సొరుగులో అంతసేపు వెతకాల్సిందేమీ లేదు. పెద్దమనిషి తెలివిగా తప్పుకున్నాడు. మనవాడు తగుదునమ్మా అని చెయ్యి చాపాడు.

చదువుతుంటే ఆయనకు ఒళ్ళు మండింది. కోపం ఆ జాబితా ఎందుకని కాదు, అది తప్పులతడకగా ఉందని. రెండేళ్ళ కిందట చనిపోయిన ముసలాయన పేరు బతికున్నవాళ్ళలో ఉంది. మారిపోయిన ఇంటి నంబర్లు పాతవే ఉన్నాయి. కొంతమంది ఖాళీ చేసిపోయిన గుమ్మాలకు ఇంకా వాళ్ళ పేర్లే తగిలించి ఉన్నాయి. "కళ్ళు మూసుకుని టైపు కొట్టారా సార్ వీళ్ళు?" అన్నాడు. పోస్టుమాస్టరు సొరుగులోంచి తలెత్తలేదు. రెండు రోజులు భోజనం వేళ మానుకుని, జేబులో పుస్తకం పక్కన పెట్టుకుని, ఆయన ఒక్కో వరసా సరిచేశాడు. అడిగింది ఒకసారి చూడమని. ఆయన చూసి ఊరుకునే రకం కాదు కదా. సందు ఎటు తిరగాలో, వాకిలి ఏ వైపుందో కూడా పక్కన రాశాడు. మొత్తం నలభై మూడు దిద్దాడు.

నలభై మూడులో ఒకటి టైలరమ్మది. కాగితం మీద పెద్ద వీధి చిరునామాయే ఉంది, తాళం వేసి ఉన్న పాత ఇల్లు. దాన్ని అలా వదిలేస్తే సరిపోయేది. తప్పును తప్పుగా ఉంచడానికి చేయాల్సిన పనేమీ లేదు, పెన్సిలు ఎత్తి కింది వరసకు పోవడమే. పెన్సిలు అక్కడ ఆగింది కూడా. ఆయనకు ఏమీ తెలియకపోతే, అది నిజంగా సర్వే అనే నమ్మి ఉంటే, ఆ పెన్సిలు ఎందుకు ఆగుతుంది? రేడియో ఆయన చెవుల్లో ఉంది. ముసుగు లాక్కున్న ఆవిడ మొహం కళ్ళ ముందు ఉంది. ఎంతసేపు ఆగిందో చెప్పలేం, ఒక గుక్క టీ తాగేంత సేపు కావచ్చు. తర్వాత రాశాడు. 'ప్రెస్సు వెనక మెట్లు, కాగితాల గది పైన.'

కాగితాలు తీసుకెళ్ళడానికి వచ్చిన వార్డు గుమాస్తా అవి తిరగేసి నోరెళ్ళబెట్టాడు. "మీలాంటి నిఖార్సైన మనుషులు పదిమందుంటే ఈ ఊరు ఎప్పుడో బాగుపడేదండీ" అన్నాడు. ఆ మాట పట్టుకుని గడియారం ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. నలభై మూడు తప్పులే, ఊహించు అన్నాడు.

"ఏం సర్వే అండీ అది?"

"ఏదో గవర్నమెంటుది. మనకెందుకు?"

భార్య ఆయన కంచంలోకి ఇంకొంచెం వడ్డించింది.

నాలుగోరోజు పొద్దున అది జరిగింది. పేటవాళ్ళు ఇప్పటికీ దాన్ని గొడవలు అంటారు. గొడవ అంటే ఇద్దరు కొట్టుకోవడం. అక్కడ కొట్టినవాళ్ళు ఒక వైపే ఉన్నారు, మరో వైపు ఉన్నవాళ్ళు తలుపు వెనక ఉన్నారు. బయటినుంచి సైన్యాలేవీ రాలేదు. వచ్చినవాళ్ళు రొట్టెల కొట్టాయన, బడిలో డ్రిల్లు మాస్టారు, మంగలి, పాలు పోసేవాళ్ళు ఇద్దరు, ఇంకా అలాంటివాళ్ళు. ఇంట్లో పనిముట్లే పట్టుకుని వచ్చారు. నలుగురేసి జట్టు, జట్టుకో కాగితం.

పదీ పదికి గడియారం రొట్టెల కొట్టు మలుపు తిరిగాడు. కొట్టాయన ఎదురొచ్చాడు. అతని చేతిలో కాగితం మీద నీలం గీతలు దూరం నుంచే కనబడ్డాయి.

"భలే వివరంగా రాశావయ్యా గడియారం! ఎవర్నీ అడిగే పనే లేకుండా పోయింది" అని భుజం తట్టి, ప్రెస్సు వైపు వెళ్ళాడు. ముందు గేటు వైపు కాదు, వెనక సందులోకి. ప్రెస్సు యజమాని ఆ సందు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. అచ్చువేయడానికి పనేమీ లేకపోయినా ఆరోజు లోపల మిషను పెద్ద చప్పుడుతో ఆడుతూనే ఉంది.

గడియారం ఏం చేశాడంటే, ఉత్తరాలిచ్చాడు. కాళ్ళూ చేతులూ ఆడక నిలబడిపోయాడని చెబితే వినడానికి బాగుండేది. అలా జరగలేదు. సైకిలు పక్క సందులోకి తిప్పి, ఆ కాగితాల్లోని గుమ్మాలు తప్పించి, మిగతా గుమ్మాలన్నిటికీ బట్వాడా పూర్తిచేసి, పదకొండుకు బడి గేటు దగ్గరున్నాడు. మిషను చప్పుడు అక్కడిదాకా వినబడింది.

మూడు రోజులకు వీధులు కడిగారు. గడియారం భార్య ప్రెస్సు వెనక మెట్లెక్కి ఒక రవికె గుడ్డ తెచ్చుకుంది. కుట్టమని టైలరమ్మకు ఇచ్చిన గుడ్డే, ఒక చెయ్యి కుట్టడం అయింది, రెండోది కాలేదు. "మనదేగా, వదిలేయడమెందుకు" అంది. ఆయన ఆ గుడ్డ వైపు చూసి ఊరుకున్నాడు. అనడానికి ఏ మొహం పెట్టుకుని అంటాడు?

తర్వాత నెలలో టైలరమ్మ భర్త ఉత్తరం వచ్చింది. ఆ పై నెల ఇంకోటి. మిగతా ఇళ్ళకూ వస్తూనే ఉన్నాయి. పెళ్ళి కబుర్లు, ఉద్యోగం దరఖాస్తులకు జవాబులు, ఎక్కడి నుంచో అత్తగారి ఆరోగ్యం సంగతులు. గళ్ళ బీరువా ముందు నిలబడి ఒక్కో కవరు మీదా ఆయన జీవితంలో మొదటిసారి 'విలాసదారు లేరు' అని రాశాడు. ఏడాదిలో రెండొందల పైచిలుకు రాశాడు. కొన్నాళ్ళకు పోస్టుమాస్టరు జాలిపడి ఒక రబ్బరు ముద్ర చేయించాడు.

ఇంకో పన్నెండేళ్ళు పనిచేసి ఆయన రిటైరయ్యాడు. దండలు వేశారు, ఒక్క రోజు కూడా ఆలస్యం కాని మనిషి అని పొగిడారు. ప్రభుత్వాలు మారాయి. ఇరవై రెండేళ్ళు గడిచాక, ఆనాడు చనిపోయినవాళ్ళ పేర్లు నమోదు చేయడానికి ఒక విచారణ సంఘం వేశారు. నీలం పెన్సిలు దిద్దుబాట్లున్న ఆ పదకొండు కాగితాలూ వాళ్ళకు దొరికాయి. దిద్దింది వార్డు గుమాస్తానే అని తేల్చేశారు. గుమాస్తా చనిపోయి పదేళ్ళయింది, చచ్చినవాడు కాదని అనలేడు కదా. ఆ వార్త పేపర్లో చదివిన పూట గడియారం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

సరిగ్గా ఆ వారంలోనే ఒక ముప్పై ఏళ్ళ అమ్మాయి పొద్దున్నే వాళ్ళ తలుపు తట్టింది.

"మామయ్యా, బాగున్నారా? నేను టైలరమ్మ పెద్దకూతుర్ని. అమ్మ మిమ్మల్ని అన్నయ్యా అనేదిగా, అందుకని మామయ్యా అంటున్నాను. ఏమీ అనుకోరుగా?"

కూర్చోమ్మా అంటూ గడియారం కుర్చీ లాగాడు. భార్య వంటగది గుమ్మంలో తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అలాగే నిలబడిపోయింది.

ఆ అమ్మాయి వచ్చిన పని ఇది. చనిపోయినవాళ్ళ పట్టీలో వాళ్ళమ్మ పేరూ చెల్లెలి పేరూ ఎక్కడంలేదు. పాత రికార్డుల్లో పెద్ద వీధి ఇల్లే ఉంది, ఆ ఇంట్లో ఆరోజు ఎవరూ చనిపోలేదు. ప్రెస్సు యజమాని వచ్చి, మా మేడ మీద కాగితం కట్టలు తప్ప మనుషులెప్పుడూ లేరని వాంగ్మూలం ఇచ్చాడు. వాళ్ళక్కడ ఉండేవారని చెప్పే మనిషి ఒక్కరైనా కావాలి.

"అమ్మ పిన్నికి రాసిన ఉత్తరం చూడండి" అని ఒక కాగితం చూపించింది. 'ఇంటాయన కాక, మేమెక్కడున్నామో పోస్టు అన్నయ్యకొక్కడికే తెలుసు. మంచి మనిషి. ఆయన ఉన్నన్నాళ్ళూ నాకు భయంలేదు' అని ఉంది అందులో. "మీరొక్కరు వచ్చి, ఉండేవారు అని చెప్తే చాలు మామయ్యా. బుధవారం, బడి హాల్లో."

"ఆలోచించి చెప్తానమ్మా."

"ఇందులో ఆలోచించడానికి ఏముంది?" అంది ఆ అమ్మాయి. ఎత్తిపొడుపు ఏమీ లేదు ఆ మాటలో, నిజంగానే అర్థంకాక అడిగింది. ఆ ఉత్తరం కాగితం బల్ల మీదే ఉంచి వెళ్ళిపోయింది.

తలుపు వేసి వచ్చి భార్య ఎదురుగా కూర్చుంది.

"వెళ్ళండి. ఉండేవాళ్ళని చెప్పి వచ్చేయండి. ఎలా తెలుసంటే ఉత్తరాలిచ్చేవాణ్ణి అనండి. అబద్ధం కాదుగా."

"ఇంకెవరికి తెలుసు అని అడిగితే?"

"అడగరు."

"నాకూ ఆ ప్రెస్సాయనకూ మాత్రమే తెలిసిన మెట్లు ఆ కాగితం మీదికి ఎలా వచ్చాయని ఎవరో ఒకరు అడుగుతారు కదే."

"అడిగితే తెలీదనండి! ఈ వీధిలో ఏదో ఒకటి చేయనివాడు ఎవడున్నాడు? అందరూ కడుపులో చల్ల కదలకుండా కూర్చుంటే మీరొక్కరే బయటపడి, రేపట్నుంచి మనం రొట్టె ముక్క ఎవరి కొట్లో కొనుక్కోవాలి? నాకు కాళ్ళు పట్టేశాయి, కొత్త ఊరికి మారే ఓపిక నాకు లేదు."

ఆయన బల్ల మీది ఉత్తరం మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "నువ్వు ఆ మెట్లెక్కి గుడ్డ తెచ్చుకున్నావు" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆ సంగతి ఎత్తడం అదే మొదలు. ఆవిడ లేచి వంటగదిలోకి పోయింది. బుధవారం దాకా ఇద్దరి మధ్యా అవసరమైన మాట తప్ప ఇంకోటి లేదు. చెబితే పేటలో తలెత్తుకోలేడు. చెప్పకుండా ఊరుకుంటే ఆ పిల్ల తల్లీ చెల్లీ పట్టీలో కూడా లేకుండా పోతారు. సగం చెప్పి బయటపడటానికి మధ్యలో సన్నని దారి ఒకటుంది, భార్య చూపించింది. బుధవారం ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఆయన ఆ సగం దారికే సిద్ధపడ్డాడు. భార్య కూడా వెంట వచ్చింది, బహుశా దారి తప్పకుండా చూసుకోవడానికి.

బడి హాలు నిండిపోయింది. రొట్టెల కొట్టాయన ముందు వరసలోనే ఉన్నాడు, ముసలివాడై చెవికి మిషను పెట్టుకుని. సంఘం అధ్యక్షురాలు బయటి ఊరి మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. పక్కన టైపు చేసే ఆయన.

"ఆ తల్లీ కూతురూ ప్రెస్సు వెనక మేడ మీద ఉండేవారా?"

"ఉండేవారండి."

"మీకెలా తెలుసు?"

"ఉత్తరాలిచ్చేవాణ్ణి."

టైపు టకటకలాడింది. అంతే, అయిపోయింది. ప్రెస్సు యజమాని నేలచూపులు చూశాడు. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని ఆయన వైపు చూసి నవ్వింది. భార్య ఊపిరి వదిలింది. గడియారం కుర్చీ చేతుల మీద బరువు వేసి లేవబోయాడు.

"ఒక్క నిమిషం" అంది అధ్యక్షురాలు. "వాళ్ళ అమ్మాయి ఒక కోరిక కోరింది. అందరూ భయపడిన ఆ రోజుల్లో వాళ్ళ చిరునామాను గుట్టుగా దాచిన మనిషిగా మిమ్మల్ని మా నివేదికలో ప్రత్యేకంగా ప్రస్తావిస్తాం."

హాల్లో కొందరు చప్పట్లు కొట్టారు. గడియారానికి తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్ళుగా సిగ్గు ఆయన లోపలే తిరుగుతూ ఉండేది. ఎవరూ లేనప్పుడు వచ్చి, నలుగురిలో ఉన్నప్పుడు అణిగి ఉండేది. ఆ చప్పట్లతో అది నలుగురిలోనూ పైకి వచ్చేసింది.

"అది రాయకండమ్మా" అన్నాడు. "ఆ కాగితాల మీద నీలం పెన్సిలు నాది."

ఒక క్షణం ఎవరికీ అర్థంకాలేదు. తర్వాత వెనకనుంచి ఒకరు, "పెద్దాయనకు మతి పోయినట్టుంది, ఎవరైనా ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు. రొట్టెల కొట్టాయన వెనక్కి తిరిగి, "వయసు మీద పడిందిలే, ఊరుకో గడియారం, ఊరుకో" అన్నాడు ఎంతో ఆప్యాయంగా. అతనికి కావాల్సింది ఊరుకోవడమే. ఒకడు నోరు విప్పితే వరస తన దాకా వస్తుందని అక్కడ చాలామందికి తెలుసు.

"ఆ దిద్దుబాట్లు వార్డు గుమాస్తావని ముందే తేలింది కదండీ" అంది అధ్యక్షురాలు.

"గుమాస్తాకు వెనక మెట్లెలా తెలుస్తాయమ్మా? మనుషులే లేరంటున్న ఇంటాయన కాక నాకొక్కడికేగా తెలుసు. ఆవిడ ఉత్తరంలో కూడా అదేగా రాసింది."

ఆ అమ్మాయి లేచి ఆయన కుర్చీ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆ లిస్టు దేనికో మీకు అప్పుడు తెలుసా?"

"సర్వే అన్నారమ్మా..."

"వాళ్ళేమన్నారో అడగలేదు. మీకు తెలుసా, తెలీదా?"

ఆయన భార్య వైపు చూడలేదు. "అంతా తెలీదు. మీ అమ్మ పేరు దగ్గర పెన్సిలు ఆగింది. ఆగేంత తెలుసు."

"ఆగాక?"

"రాశాను."

"ఎందుకు?"

ఇరవై రెండేళ్ళలో ఈ ప్రశ్నకు ఆయన ఎన్నో జవాబులు కట్టుకున్నాడు. భయం వేసిందని, పైవాళ్ళ ఒత్తిడని, రాయకపోతే తన ఉద్యోగం పోయేదని. ఏ ఒక్కటీ నోటికి రాలేదు. "మిగతావన్నీ దిద్ది అదొక్కటీ వదిలేస్తే, పోస్ట్‌మ్యాన్ అయ్యుండి ఆ చిరునామా తెలుసుకోలేకపోయాడు అంటారేమోనని" అన్నాడు.

ద్వేషంతో అని చెప్పినా ఆ అమ్మాయికి ఇంతకంటే తేలికగా ఉండేదేమో. ఇంత చిన్నదానికి ఇద్దరు మనుషులా? గడియారం రెండు చేతులూ ముందుకు చాపాడు.

"అమ్మా, నన్ను క్షమించమని..."

"అది నన్ను అడక్కండి." ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంక మామయ్యా అనలేదు. "మీరు దిద్దిన మిగతా నలభై రెండూ గుర్తున్నాయా?"

"ఉన్నాయి. నడిచిన వరసలో ఉన్నాయి."

"చెప్పండి."

ఆమె టైపు చేసే ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. అధ్యక్షురాలు వద్దనలేదు. గడియారం కళ్ళు మూసుకుని పోస్టాఫీసు నుంచి బయల్దేరాడు. మొదటి సందు, ఎడమ వైపు రెండో గుమ్మం. ఆ ఇంటి పెద్ద పేరు, భార్య పేరు, అతని తమ్ముడి పేరు. తర్వాత గుమ్మం. మూడో ఇల్లు చెప్పేసరికి రొట్టెల కొట్టాయన చెవి మిషను సర్దుకుంటూ లేచి బయటికి నడిచాడు. ఇప్పుడు అతనుంటున్నది ఆ ఇంట్లోనే. ఐదో ఇంటికి ఇంకో ఇద్దరు లేచారు, తొమ్మిదోదానికి ఒక కుటుంబం మొత్తం. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. కుర్చీల చప్పుడు మాత్రం వినబడుతూ వచ్చింది. గడియారం భార్య చివరి వరసలో కదలకుండా కూర్చుంది.

ప్రతి ఇంటి దగ్గరా ఆ అమ్మాయి ఒకే ప్రశ్న వేసింది. "పిల్లలు?"

"ఉండేవారమ్మా. ఇద్దరో ముగ్గురో."

"పేర్లు?"

"తెలీదమ్మా. పిల్లలకు ఉత్తరాలు రావు."

పేటంతా అరచేతిలో ఉన్న మనిషి ప్రతి గుమ్మం దగ్గరా ఆ మాటే చెప్పాడు. పద్ధెనిమిది ఇళ్ళ దగ్గర పద్ధెనిమిది సార్లు. టైపు చేసే ఆయన ఆ గడి ఖాళీగా వదిలి కింది వరసకు పోతున్నాడు. పందొమ్మిదోది ప్రెస్సు. గడియారం వెనక మెట్ల గురించి చెప్పి, టైలరమ్మ పేరు చెప్పి, ఆగాడు.

"మా చెల్లి పేరు?"

ఉత్తరం తెచ్చిన ప్రతిసారీ ఆ పిల్లను చూసేవాడు. రెండో మెట్టు మీద కూర్చుని దారప్పోగులతో ఆడుకునేది, ఆయన్ను చూసి లేచి ఉత్తరం కోసం చెయ్యి చాపేది. ఉంగరాల జుట్టు గుర్తుంది, చాపిన చెయ్యి గుర్తుంది.

"చిట్టీ అని పిలిచేవాణ్ణి" అన్నాడు.

"అది పేరు కాదు. కనబడిన ప్రతి పిల్లనీ చిట్టీ అనేవారు మీరు. చిన్నప్పుడు నన్ను కూడా అలాగే అనేవారు."

ఆ అమ్మాయి టైపు చేసే ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, మిషనులోంచి కాగితం తీసి, పెన్నుతో ఆ గడిలో చెల్లెలి పేరు తనే రాసింది. పైకి చదవలేదు. ఆయనకు కనబడకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది.

తర్వాత కాగితం టైపు చేసే ఆయనకు జరిపి, "తర్వాతి ఇల్లు చెప్పండి" అంది.